పాలకూర కట్ట నుంచి ధరల సూచీ దాకా: హన్మకొండ ప్రాజెక్టు డైరీ

హన్మకొండ, వరంగల్ మార్కెట్లలో తిండి సామాన్ల ధరలు రాసుకుని వారానికొక సూచీ కట్టే పని ఇది. 2023 జులైలో టమాట ధర దేశమంతటా మండిపోయి, ఆ నెల వినియోగదారుల ధరల ద్రవ్యోల్బణం 7.44 శాతానికి ఎక్కింది. ఆ అంకె ఆగస్టు నెల నడిమధ్యన బయటికొచ్చింది. ఆలోపు ఏం జరుగుతోందో తెలుసుకోడానికి రిజర్వు బ్యాంకు కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ సేకరించే రోజువారీ ధరలు చూస్తుంది. నెలనెలా వచ్చే తన బులెటిన్‌లో వాటి గురించి రాస్తుంది కూడా. ఆ పద్ధతిని ఒక ఊరి స్థాయిలో చేసి చూడాలంటే ఏమేం కావాలో, ఎక్కడెక్కడ బోర్లా పడుతుందో ఇక్కడ రాస్తున్నా. జగిత్యాలలోనో ఖమ్మంలోనో ఎవరైనా మొదలుపెడితే ఈ గుంతల్లో మళ్లీ పడొద్దు.

ముందుగా ఒక సంగతి. సీపీఐని, అంటే వినియోగదారుల ధరల సూచీని, లెక్కగట్టేది రిజర్వు బ్యాంకు కాదు, జాతీయ గణాంక కార్యాలయం. ద్రవ్యోల్బణానికి 4 శాతం లక్ష్యం, అటు 2 ఇటు 2 వెసులుబాటు మాత్రం రిజర్వు బ్యాంకు మెడకున్న బాధ్యత. ఆ బ్యాంకు సొంతంగా తయారుచేసే గణాంకాలు వేరే ఉన్నాయి: విదేశీ చెల్లింపుల లెక్క, డబ్బు సరఫరా, బ్యాంకు రుణాలు, ఇళ్ల ధరల సూచీ, ధరలు ఎంత పెరుగుతాయనుకుంటున్నారో కుటుంబాలను అడిగే సర్వే. మెషీన్ లెర్నింగ్ ఇప్పుడు చొరబడుతున్నది వీటన్నిటి వంటింట్లోకే: పేర్లు కలపడం, తప్పుడు అంకెలు పట్టడం, ఖాళీలు పూడ్చడం, రాబోయే అంకెను ముందే అంచనా వేయడం. బాసెల్‌లోని అంతర్జాతీయ పరిష్కారాల బ్యాంకు దగ్గర ఇర్వింగ్ ఫిషర్ కమిటీ అని కేంద్ర బ్యాంకుల గణాంకుల సంఘం ఒకటి ఉంది. వాళ్లు అచ్చువేసే సంకలనాల్లో ఇట్లాంటి పనుల గురించిన వ్యాసాలూ ఉంటాయి.

దశ 1: జాబితా, వెయిటేజీలు

పనిముట్లు: ఒక గీతల నోటుబుక్కు, ఫోను, ఒక గ్రాము దాకా చూపే వంటింటి డిజిటల్ కాంటా, పైథాన్, ఎస్‌క్యూలైట్. కాంటా 450 రూపాయలు. మిగతావి ఉన్నవే.

వెయిటేజీలు, అంటే సూచీలో ఒక్కోదాని వాటా, సొంతంగా ఊహించొద్దు. 2012 ఆధార సంవత్సరంగా ఉన్న సీపీఐ శ్రేణిలో తిండి, పానీయాల వాటా నూటికి 45.86. అందులోంచి ఆరు గుంపులు తీసుకున్నా.

1. ధాన్యాలు 9.67, కూరగాయలు 6.04, నూనెలు 3.56, మసాలా దినుసులు 2.50, పప్పులు 2.38, చక్కెర బెల్లం 1.36. మొత్తం 25.51.
2. ఒక్కోదాన్ని 25.51తో భాగిస్తే 37.9, 23.7, 14.0, 9.8, 9.3, 5.3 శాతం. కూడితే 100.
3. పాలు, మాంసం, పండ్లు వదిలేశా. పాల ధర ఏడాదికి ఒకటి రెండుసార్లే కదులుతుంది, మాంసంలో కోత రకాన్ని బట్టి ధర మారుతుంది, పండ్లకు రకాలు మరీ ఎక్కువ.
4. ఆధారం: 2024 జనవరి సగటు = 100.

ఇవి దేశమంతటి వెయిటేజీలు, వరంగల్‌వి కావు. పైగా 2011-12 వినియోగ వ్యయ సర్వే నుంచి వచ్చినవి. 2023-24 సర్వేలో పల్లెల్లో తిండి ఖర్చు వాటా 47 శాతానికి, పట్టణాల్లో దాదాపు 40 శాతానికి దిగింది. అయినా వాటినే వాడా. ఎందుకంటే ఈ సూచీని అధికారిక అంకె పక్కన పెట్టి చూసుకోవాలి. వెయిటేజీలు కూడా వేరైతే తేడా ధరల వల్ల వచ్చిందా వెయిటేజీల వల్ల వచ్చిందా తేల్చలేం.

ధరలు తెచ్చే చోట్లు: కుమార్‌పల్లి మార్కెట్, హన్మకొండ రైతు బజార్, వరంగల్ లక్ష్మీపురం కూరగాయల మార్కెట్, మూడు కిరాణా దుకాణాలు. కూరగాయలకు 14 మంది అమ్మేవాళ్లు, వారం వారం వాళ్లే. మనిషి మారితే ధర మారినట్టు కనబడుతుంది కాబట్టి మనుషులను మార్చలేదు. టోకు ధరలకు, మార్కెట్ యార్డుల ధరలు పెట్టే ప్రభుత్వ అగ్‌మార్క్‌నెట్ పోర్టల్.

దశ 2: పేర్లు కలపడం

ఎక్కువ సమయం తిన్నది ఇదే. కిరాణా చిట్టీల మీద రాత చూడండి: 'కం.ప 1కి', 'మి.ప అద్దకి', 'పల్లి నూ 1'. కంప్యూటర్ బిల్లయితే 'టూర్ డాల్ లూజ్ 1కేజీ'. అన్నీ 26 వస్తువుల్లో ఏదో ఒకదాని కిందికి చేరాలి.

మొదటి ప్రయత్నం, అక్షరాల పోలిక. రెండు పేర్లు 85 శాతం కలిస్తే ఒకటే అనుకోమని నియమం. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ: తొమ్మిది యూనికోడ్ గుర్తుల్లో ఒక్కటే తేడా, పోలిక 88.9 శాతం. దాంతో ఎల్లిగడ్డ ధరలు పోయి ఉల్లిగడ్డలో కలిశాయి. ఆ వారం ఉల్లిగడ్డ సూచీ ఆకాశానికి ఎగిరింది. 90కి పెంచితే ఈ రెండూ విడిపోయాయి కానీ 'టమాట', 'టమాటా' కూడా విడిపోయాయి. ఒకే గీతతో తెలుగు కూరగాయల పేర్లు వేరుచేయడం కుదరదు.

రెండోది, పదాలను లెక్కబెట్టే వర్గీకరణ. చిట్టీలో పదాలు రెండో మూడో ఉంటాయి, అవీ సగం సగం. 'మి.ప' అంటే మినపప్పు, దాన్ని మిర్చిలో వేసింది.

మూడోది నిలబడింది:

1. ముందు యూనికోడ్ శుభ్రం. అన్నిటినీ ఎన్ఎఫ్‌సీ రూపంలోకి (ఒకే అక్షరానికి ఒకే సంకేతాల వరుస ఉండే రూపం) మార్చు, కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్‌ను తీసేయ్. ఇది లేకుంటే చూడ్డానికి ఒకేలా ఉన్న రెండు పేర్లను యంత్రం వేర్వేరు అంటుంది.
2. మారుపేర్ల పట్టిక. పుంటికూర = గోంగూర, ఆలుగడ్డ = బంగాళదుంప, ఎల్లిగడ్డ = వెల్లుల్లి. అచ్చంగా కలిస్తేనే చేర్చు.
3. పట్టికలో దొరకనివాటికి మూడు నుంచి ఐదు అక్షరాల ముక్కల మీద లాజిస్టిక్ రిగ్రెషన్ (ఏ వస్తువో, ఎంత నమ్మకంతోనో చెప్పే మోడల్). నమ్మకం 0.9 దాటితేనే ఒప్పుకో.
4. మిగిలింది చేత్తో. చేత్తో తేల్చిన ప్రతి పేరూ పట్టికలో చేరాలి.

అక్షరాల పోలికను పూర్తిగా పారేయలేదు. చేత్తో చూసేటప్పుడు దగ్గరి పేర్లు మూడు చూపించే పని దానికిచ్చా. నిర్ణయం దానిది కాదు. యూరప్ కేంద్ర బ్యాంకులు అనాక్రెడిట్ పేరుతో 2018 సెప్టెంబరు నుంచి ఒక్కో రుణం వివరం సేకరిస్తున్నాయి. అక్కడ ఒకే కంపెనీ పేరు పది రకాలుగా రాసి వస్తే కలపడం కూడా ఇట్లాంటి పనే. పప్పు పేరు పొరబడితే సూచీ చెడుతుంది, కంపెనీ పేరు పొరబడితే ఒకరి అప్పు ఇంకొకరి ఖాతాలో పడుతుంది.

ఇప్పటిదాకా: వరుసలు 2,118. పట్టికతో కలిసినవి 1,764, మోడల్ కలిపినవి 231, చేత్తో 123. ఖర్చు 450 రూపాయలు.

దశ 3: కట్ట, కొసరు

ఆకుకూరల వరుస చూస్తే ఏమీ జరగనట్టుంటుంది. పాలకూర కట్ట 10 రూపాయలు. వచ్చే వారం 10. ఆ పై వారం 10. చలికాలం 10, నడివేసవి 10. తప్పుడు ధరలు పట్టే ప్రోగ్రాం దీన్ని 'అత్యంత నిలకడైన వస్తువు' అని మెచ్చుకుంది.

కుమార్‌పల్లిలో ఆకుకూరలమ్మే అవ్వ దగ్గర రెండు కట్టలు కొని ఇంటికి తెచ్చి కాంటా మీద పెట్టినప్పుడు విషయం బయటపడింది. అప్పట్నుంచి వారం వారం నలుగురి దగ్గర రెండేసి కట్టలు కొని, వేర్లు కోయకుండా, నీళ్లు దులిపి తూచడం మొదలైంది.

జనవరిలో కట్ట సగటు 182 గ్రాములు. ఏప్రిల్ చివర్లో 118. అంటే 100 గ్రాముల ధర 5.49 నుంచి 8.47 రూపాయలకు పోయింది. 54 శాతం పెరుగుదల, నోటుబుక్కులో సున్నా.

అవ్వకు చెబితే ఆమె ఆశ్చర్యపోలేదు. 'ఎండల నీళ్లు ఏడున్నయ్ బిడ్డా, ఆకు గింతగింతనే వస్తది. పదికి పదకొండంటే ఎవ్వలూ కొనరు, అందుకే కట్ట సన్నగ కడ్తం' అంది. ధర ఎట్లా పెరుగుతుందో ఇంతకన్నా సూటిగా ఎవరూ చెప్పలేరు. పది రూపాయల నోటే ఆమెకు కొలమానం, మారేది ఆకు.

కొసరు సంగతీ ఇంతే. కిలో టమాట కొంటే కాంటా దిగాక ఒకటో రెండో పైన వేస్తారు, కరివేపాకు రెబ్బ ఊరికే ఇస్తారు. ధర తక్కువున్న వారాల్లో ఇంట్లో తూస్తే కిలో టమాట 1,040 నుంచి 1,070 గ్రాములు వచ్చింది. ధర ఎక్కిన వారాల్లో సరిగ్గా 1,000, ఒక్కోసారి 990. కరివేపాకుకు ఐదు రూపాయలు అడిగారు. కొసరు లెక్కలోకి తీసుకుంటే టమాట అసలు పెరుగుదల చెప్పిన ధర చూపే దానికంటే నాలుగు నుంచి ఎనిమిది శాతం ఎక్కువ.

మార్చినవి:

1. తూచిన ఆకుకూరలన్నీ 100 గ్రాముల ధరతోనే. కట్ట ధర పక్క గడిలో ఉంటుంది, సూచీలోకి రాదు.
2. తూచని వారం కట్టకు పోయిన వారం బరువు వాడొద్దు. ఆ వారం ఆ వస్తువును వదిలేసి గుంపు కదలికతో పూడ్చాలి. పాత బరువు వాడితే మళ్లీ సున్నా దగ్గరికే వస్తాం.
3. కొసరును ప్రధాన సూచీలో కలపలేదు. 14 మందిలో నలుగురి దగ్గరే తూస్తున్నాం, ఆ నాలుగు కాంటాల మీద మొత్తం సూచీని నిలబెట్టడం న్యాయం కాదు. వేరే వరుసగా ప్రకటిస్తున్నా.

ధర అడిగి రాసుకోవడానికి, కొని రాసుకోవడానికి ఉన్న తేడా కూడా ఇక్కడే తేలింది. లక్ష్మీపురంలో ఒకాయన 'ఏంది సారూ, దినాం రేటు అడుగుతవ్, కొనవ్' అన్నాడు. అడిగిన వాళ్లకు చెప్పే ధర బేరానికి ముందుది. కొన్నవాళ్లు కట్టేది బేరం తర్వాతది. అప్పట్నుంచి ప్రతి ధరకూ 'అడిగింది', 'కొన్నది' అని గుర్తు పెడుతున్నా. కొన్న ధర ఉంటే అదే గెలుస్తుంది.

ఇప్పటిదాకా: వరుసలు 5,930. తూచిన కట్టలు 136. ఖర్చు 450 కాంటా, 1,360 ఆకుకూరలు. కూరలు వండుకున్నాం, అయినా లెక్కలో ఉంచా.

దశ 4: ఏ సగటు

ఇది త్వరగా తేలింది. ఇద్దరమ్మేవాళ్లు. ఒకరి టమాట 20 నుంచి 40కి, ఇంకొకరిది 40 నుంచి 20కి. నిష్పత్తులు 2, 0.5. మామూలు సగటు తీస్తే 1.25, అంటే 25 శాతం పెరిగినట్టు. గుణోత్తర సగటు (రెంటినీ గుణించి వర్గమూలం) తీస్తే 1, ఏమీ మారలేదు. మామూలు సగటును వారం వారం గొలుసుగా కలుపుకుంటూ పోతే లేని పెరుగుదల పేరుకుపోతుంది. 2012 శ్రేణి సీపీఐ కూడా అడుగు స్థాయిలో గుణోత్తర సగటే వాడింది. వస్తువు లోపల గుణోత్తర సగటు, గుంపుల మధ్య స్థిరమైన వెయిటేజీలు. ముగిసింది.

దశ 5: ఎనుమాముల మిర్చి

ఎండు మిర్చికి వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్ యార్డు టోకు ధర తీసుకుందామనుకుంటే కొత్త చిక్కు. తేజ, వండర్ హాట్, 341, చపాటా, అన్నీ మిర్చే. చపాటాకు కారం తక్కువ, రంగు ఎక్కువ, 2025లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ధర తేజకన్నా బాగా పైన పలికే రోజులుంటాయి.

లెక్క కోసం క్వింటా తేజ 14,000, చపాటా 28,000 అనుకోండి. ఒక వారం వచ్చిన సరుకులో 80 శాతం తేజ, 20 శాతం చపాటా. సగటు 16,800. మరుసటి వారం సగం సగం. సగటు 21,000. ఏ రకం ధరా ఒక్క రూపాయి కదలలేదు, సగటు 25 శాతం పెరిగింది.

ఇళ్ల ధరల సూచీకి రిజర్వు బ్యాంకు రిజిస్ట్రేషన్ల డేటా వాడుతుంది. అక్కడా ఇదే చిక్కు: ఒక త్రైమాసికంలో పెద్ద ఇళ్లు ఎక్కువ అమ్ముడైతే సగటు పెరుగుతుంది, ఇళ్ల ధర పెరగకపోయినా. అందుకే ఇళ్లను చిన్న, మధ్య, పెద్ద అని విడగొట్టి ఒక్కో గుంపులో ధర చూసి, స్థిరమైన వాటాలతో కలుపుతారు. మిర్చికీ అదే చేశా. రకం వారీగా వేర్వేరు వరుసలు, సీజన్ మొత్తం రాకడ వాటాలతో కలపడం. రకం పేరు లేని ఎంట్రీలు తీసుకోలేదు. దాంతో వరుసలు బాగా తగ్గాయి. తగ్గినా ఫరవాలేదు.

దశ 6: ఏది తప్పు, ఏది నిజం

తప్పుడు అంకెలు పట్టడానికి మూడు పద్ధతులు నడిపా.

మొదటిది, మధ్యగతం (వరుసలో నడుమ ఉండే ధర) నుంచి మామూలు విచలనానికి మూడింతలు దాటితే కొట్టేయడం. ఇది 'పుస్తకం' పద్ధతి. 2024 వానాకాలం మొదట్లో టమాట ఎగిరిన రెండు వారాలనూ ఇది కొట్టేసింది. ధర కదిలిన వారాన్నే తీసేసే సూచీ ఎందుకు? 2023 జులై లాంటి నెలలో ఈ నియమం నడిచి ఉంటే దేశంలో టమాట ధరలు పెరగలేదని వచ్చేది.

రెండోది ఐసోలేషన్ ఫారెస్ట్, మందలో కలవని అంకెలను వేరుచేసే మెషీన్ లెర్నింగ్ పద్ధతి. బ్యాంకులు పంపే నివేదికల్లో అనుమానపు వరుసలు పట్టడానికి ఇట్లాంటి పద్ధతులు వాడతారు. ధరలను యథాతథంగా ఇస్తే ప్రతి వారం చింతపండును, ఎల్లిగడ్డను పట్టుకొచ్చింది. నేరం ఏమిటంటే మిగతావాటికంటే ఖరీదు. ధర బదులు పోయిన వారంతో నిష్పత్తికి లాగరిథమ్ ఇచ్చాక దారికొచ్చింది.

మూడోది సాదా ప్రశ్నల పట్టీ. చివరికి ఎక్కువ పని చేసింది ఇదే:

1. నిష్పత్తి 100కో, 10కో దగ్గరగా ఉందా? ఉంటే క్వింటా, కిలో కలిసిపోయాయి లేదా సున్నా ఎక్కువైంది. పోర్టల్‌లో ధర క్వింటాకు ఉంటుంది, నోటుబుక్కులో కిలోకు.
2. కనిష్ఠం, గరిష్ఠం, సాధారణ ధర మూడూ ఒకటేనా? వరుసగా చాలా రోజులు అదే అంకెనా? అయితే నిన్నటిదాన్ని ఇవాళ మళ్లీ ఎక్కించి ఉండొచ్చు.
3. ఒక్కరి దగ్గరే ఎగిరిందా, అందరి దగ్గరా? అందరి దగ్గరా అయితే అది నిజం, ముట్టుకోవద్దు. ఒక్కరి దగ్గరే అయితే మళ్లీ వెళ్లి అడుగు.
4. అడిగాక కూడా అదే అంటే ఉంచు.

ఐసోలేషన్ ఫారెస్ట్‌కు ఇప్పుడు అనుమానం చెప్పే హక్కే ఉంది, కొట్టేసే హక్కు లేదు. ప్రతి తొలగింపుకూ కారణం, తేదీ వేరే పట్టికలో ఉంటాయి.

ఇప్పటిదాకా: వరుసలు 11,460. అనుమానం వచ్చినవి 412. తీసేసినవి 67, అందులో 51 క్వింటా-కిలో గల్లంతే.

దశ 7: ధర లేని బియ్యం

సూచీలో 37.9 శాతం ధాన్యాలది. అందులో దాదాపు అంతా బియ్యమే. సోనా మసూరి, జైశ్రీరాం, హెచ్ఎంటీ, మూడు రకాలు, మూడు దుకాణాలు. ధర నెలలకొద్దీ పెద్దగా కదలదు. కూరగాయలు 30 శాతం ఎగిరినా వాటి వాటా 23.7 కాబట్టి మొత్తం మీద ఏడు పాయింట్లే, బియ్యం కదలకుండా కూర్చుంటుంది.

ఇక రేషన్. 2023 జనవరి నుంచి ఆహార భద్రత చట్టం కింద బియ్యం ఉచితం. 2025 ఉగాది నుంచి తెలంగాణలో రేషన్ దుకాణాల్లో సన్నబియ్యం, మనిషికి నెలకు 6 కిలోలు. మా వీధిలో చాలా ఇళ్లలో కిరాణా కొట్టు నుంచి బియ్యం తేవడం తగ్గింది. ఆ ఇళ్లకు బియ్యం ఖర్చు దాదాపు పోయింది. సూచీలో ఏం కనబడాలి?

సున్నా రాద్దామంటే గుణోత్తర సగటులో సున్నాకు చోటు లేదు. ఒక్క సున్నా వస్తే మొత్తం సున్నా. ఒక రూపాయి అని రాద్దామంటే అది ఎవరూ కట్టని ధర. పైసా అని రాస్తే సూచీ ఇంకోలా వస్తుంది. ఏది రాయాలో ఎవరి ఇష్టం వాళ్లదైతే అది కొలత కాదు.

తీసుకున్న నిర్ణయం: ధర లేని సరుకు ధరల సూచీలో ఉండదు. అది మార్చేది వెయిటేజీని. కొనే బియ్యం తక్కువైతే బియ్యం వాటా తగ్గాలి, మిగతావాటి వాటా పెరగాలి. అయితే మధ్యలో వెయిటేజీ మార్చకూడదు కాబట్టి ప్రధాన సూచీలో 37.9 అట్లాగే ఉంచి, పక్కన ఇంకో వరుస మొదలుపెట్టా: ధాన్యాల వాటా సగం చేసి, మిగిలిన సగాన్ని ఇతర గుంపులకు వాటి నిష్పత్తిలో పంచినది. రెండో వరుసలో వేసవి, తొలకరి వారాల ఎగుడుదిగుళ్లు చాలా ఎక్కువ. రేషన్ బియ్యం తినే ఇంటికి కూరగాయల ధరే అసలు ధరల పోటు అని అది చూపిస్తుంది. ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికంటే విలువైనదనిపించేది ఈ రెండో వరుసే. సగం అన్నది మాత్రం ఊహ, ఇంటింటికీ తిరిగి అడిగితే తప్ప తేలదు.

దశ 8: మేడారం

పోయిన ఏడాది ఇదే వారంతో పోల్చడం అందరూ చేసే పని. మనకిక్కడ అది కుదరని వారాలున్నాయి. సమ్మక్క సారలమ్మ జాతర రెండేళ్లకోసారి, మాఘ పౌర్ణమి లెక్కన. 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24. 2026లో జనవరి 28 నుంచి 31. మధ్యలో 2025లో పెద్ద జాతర లేదు.

జాతర వారాల్లో బెల్లం, అంటే అమ్మవార్లకు ఇచ్చే బంగారం, మా దుకాణాల్లో కిలోకు 8 రూపాయల దాకా పెరిగి, అయిపోయాక దిగింది. మా 14 మందిలో ఐదుగురు దుకాణాలు కట్టేసి మేడారం పోయారు. ఆ వారం వాళ్ల ధర చెప్పడానికి మనిషి లేడు. 2025 ఫిబ్రవరిలో బెల్లం పోయినేడాదికంటే తగ్గినట్టు, 2026 జనవరిలో పెరిగినట్టు వస్తుంది. రెండూ జాతర తెచ్చిన అంకెలు.

ఋతుప్రభావం తీసేయడానికి గణాంక సంస్థలు, కేంద్ర బ్యాంకులు వాడే ఎక్స్-13 అనే ప్రోగ్రాంలో ఈస్టర్‌కు సిద్ధంగా ఏర్పాటుంది. చైనా కొత్త సంవత్సరం లాంటివాటికి మనమే ఒక వరుస రాసి ఇచ్చుకోవచ్చు. మేడారానికీ అట్లా రాశా: జాతరకు ముందు రెండు వారాలు, జాతర వారం, తర్వాతి వారం. కానీ ఎక్స్-13 నెలవారీ, త్రైమాసిక శ్రేణులకే, వారాలకు కాదు. పైగా కనీసం మూడేళ్ల డేటా కావాలి. రెండేళ్లకోసారి వచ్చేదాన్ని కొలవాలంటే నాలుగైదు జాతరలైనా చూడాలి.

కాబట్టి సర్దుబాటు చేయలేదు. ఆ వారాల పక్కన 'జాతర' అని గుర్తు, బెల్లం లేకుండా లెక్కగట్టిన సూచీ కూడా పక్కన. లేని ఐదుగురి స్థానంలో కొత్తవాళ్లను చేర్చలేదు. ఉన్న తొమ్మిదిమంది నిష్పత్తులతోనే ముందుకు.

దశ 9: వచ్చే వారం టమాట

మోడల్ కట్టే దశ ఇంత ఆలస్యంగా వచ్చింది. ఇదే సరైన చోటు.

వచ్చే వారం చిల్లర టమాట ధరను ఈ వారం టోకు ధరతో అంచనా వేయాలి. వేసవిలో ఇక్కడికి మదనపల్లె, కోలార్ వైపు నుంచి సరుకు వస్తుంది కాబట్టి ఆ టోకు ధరలు కూడా ఇచ్చా. సగటు పొరపాటు, కిలోకు రూపాయల్లో:

1. 'పోయిన వారం ధరే వచ్చే వారం' అనుకుంటే 4.2.
2. టోకు ధరతో మామూలు రిగ్రెషన్ 3.1.
3. ర్యాండమ్ ఫారెస్ట్ (ఎన్నో నిర్ణయ వృక్షాల సగటు తీసే మెషీన్ లెర్నింగ్ పద్ధతి), వారాలను కలగలిపి పరీక్షిస్తే 1.9.
4. అదే ర్యాండమ్ ఫారెస్ట్, పాత వారాలతో నేర్పి చివరి 26 వారాల మీద పరీక్షిస్తే 4.6.

మూడో అంకె చూసి మురిసిపోవద్దు. వారాలను కలగలిపితే మోడల్‌కు రేపటి ధర తెలుసు, దాంతో నిన్నటిది చెబుతుంది. కాలం వరుసలో పరీక్షిస్తే ఏమీ చేయకపోవడం కన్నా అధ్వాన్నం. మామూలు రిగ్రెషన్ ఉంచా. అది ఎందుకు అంత చెప్పిందో ఒక వాక్యంలో చెప్పొచ్చు: టోకు ధర ఇంత పెరిగింది, అందులో ఇంత వంతు వారంలో చిల్లరకు చేరుతుంది.

అంచనాను సూచీలో కలపలేదు. కొలిచినది ఒక గడి, ఊహించినది ఇంకో గడి.

ఇప్పటిదాకా: వరుసలు 23,280. ఖర్చు, ఆకుకూరలు కలుపుకుని 7,900 రూపాయలు.

దశ 10: తాళం

సీపీఐ నెల నెలా 12వ తేదీన, సెలవైతే తర్వాతి పనిదినాన వస్తుందని ముందే తెలుసు. అంకె నచ్చినా నచ్చకపోయినా ఆ రోజు బయటికి వస్తుంది. 1994లో ఐక్యరాజ్యసమితి గణాంక సంఘం ఆమోదించిన అధికారిక గణాంకాల మౌలిక సూత్రాలు 2014లో సర్వప్రతినిధి సభ దాకా వెళ్లాయి. వాటిలో పద్ధతులు బయటపెట్టాలనే మాట ఉంది. చిన్న ప్రాజెక్టుకు కూడా అవే వర్తింపజేశా:

1. ధరల సేకరణ శనివారం సాయంత్రానికి ముగుస్తుంది. విడుదల సోమవారం పొద్దున. ఆదివారం తనిఖీ.
2. విడుదలైన అంకె మారదు. తర్వాత తప్పు దొరికితే పాతది, కొత్తది, కారణం మూడూ సవరణల పట్టికలో.
3. నియమం మార్చాలంటే ముందు రాసి పెట్టి, కనీసం నాలుగు వారాల తర్వాతే అమలు. అంకె చూశాక నియమం మార్చడం లేదు.
4. ప్రతి వారం డేటా, ప్రోగ్రాం, మారుపేర్ల పట్టిక మూడూ ఒకే సంచిక సంఖ్యతో భద్రం. ఏ పాత సోమవారం అంకెనైనా మళ్లీ తీస్తే అదే రావాలి. రాకపోతే విడుదల ఆపాలి.

నాలుగోది నిలబెట్టడం కష్టం. ఒక పైథాన్ లైబ్రరీ కొత్త వెర్షన్ వచ్చాక సమాన విలువల క్రమం మారి, మూడో దశాంశంలో తేడా వచ్చింది. వెర్షన్లన్నీ ఒక ఫైలులో బిగించాక ఆగింది.

మిగిలిన పని

1. 2024 ఆధారంగా కొత్త సీపీఐ శ్రేణి 2026 ఫిబ్రవరిలో మొదలైంది. వెయిటేజీలు దానికి మార్చి, ఇప్పుడున్న వరుసతో కనీసం 12 నెలలు పక్కపక్కన నడిపి, అతుకు గుణకం (పాత వరుసను కొత్తదానికి కలిపే అంకె) తీయాలి.
2. కొసరు తూకం నలుగురి నుంచి ఎనిమిదిమందికి. దీనికి కాంటా పట్టుకుని వారం వారం లక్ష్మీపురం వెళ్లే మనిషి ఒకరు కావాలి.
3. రేషన్ బియ్యం వాటా ఊహను ఇంటింటి సర్వేతో మార్చాలి. ప్రశ్నావళి సిద్ధం: నెలకు ఎన్ని కిలోలు తింటారు, ఎన్ని కొంటారు, రేషన్ బియ్యం అమ్ముతారా. మూడో ప్రశ్నకు నిజం రాబట్టే తీరు ఇంకా కుదరలేదు.
4. పాలకూరతో పాటు పుంటికూర, మెంతికూర, కోతిమీర కట్టలు కూడా తూచాలి. కోతిమీర కట్టకు మట్టి ఎక్కువ, కడిగి ఆరబెట్టి తూచాలా అట్లాగే తూచాలా అన్నది ఈ వారం రెండు విధాలా చేసి చూస్తున్నా.